చేతి వణుకుకు మెదడులో వైరు: డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ ఎవరికి, ఎలా, ఎంతవరకు?

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న విషయాలను చదువుకోవడానికి వీలుగా కొంచెం సరిచేసి ఇక్కడ ఇస్తున్నాం.)

ఈరోజు ఒక చిన్న పనితో మొదలుపెడదాం. ఒక తెల్ల కాగితం, పెన్ను తీసుకోండి. మధ్యలో చుక్క పెట్టి, దోమల కాయిల్ లాగా చుట్లు తిప్పుకుంటూ బయటికి రండి. మణికట్టు కాగితానికి ఆనించకూడదు. అయిపోయిందా? ఇప్పుడు అదే కాగితం మీ నాన్నకో, అమ్మమ్మకో ఇచ్చి గీయమనండి. గీత నున్నగా వచ్చిందా, రంపం పళ్ళలా వచ్చిందా చూడండి. పెద్ద పెద్ద న్యూరాలజిస్టులు కూడా ఇప్పటికీ చేసే పరీక్ష ఇది. దీనికి మెషిన్ అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు.

ఈ కాగితం పరీక్ష మా ఇంట్లో ఎవరైనా ముందే చేయించి ఉంటే మా పెద్దనాన్నకి ఆరేళ్ళు మిగిలేవి. ఆయన టైలర్. యాభై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఊరికే కూర్చుంటే ఏమీ ఉండదు. సూదిలో దారం ఎక్కించబోతే వణుకు. టీ గ్లాసు నోటి దాకా తీసుకెళ్తే సగం చొక్కా మీదే. దగ్గర్లో చూపించిన డాక్టర్ "నరాల వీక్‌నెస్" అని బీ కాంప్లెక్స్ రాసిచ్చారు. కొలతలు తీసుకునేటప్పుడు టేపు వణకడం చూసి "రాత్రి బాగా వేసుకున్నట్టున్నాడు" అని కస్టమర్లు నవ్వుకున్నారు. ఆయన జీవితంలో మందు ముట్టుకోలేదు. చివరికి పెళ్ళి భోజనాలకి వెళ్ళడం కూడా మానేశారు, పదిమందిలో పప్పుచారు కలుపుకోలేక.

కాబట్టి ఈ ఎపిసోడ్ ఆపరేషన్ గురించి మాత్రమే కాదు. వణుకుని "వయసు" అని, "నరాలు" అని తేల్చేసే మన అలవాటు గురించి కూడా.

వణుకులన్నీ ఒకటి కాదు

మనకి చెయ్యి వణికితే వెంటనే గుర్తొచ్చే పేరు పార్కిన్సన్స్. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ డాక్టర్ ఈ జబ్బు గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. అందులో చెప్పింది ఆరుగురు పేషెంట్ల గురించే. వాళ్ళలో కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా గమనించారంతే. ఆయన పేరే ఆ జబ్బుకి నిలిచిపోయింది.

కానీ దానికంటే ఎక్కువమందిలో కనిపించే వణుకు ఇంకొకటుంది. దాని పేరు ఎసెన్షియల్ ట్రెమర్. మా పెద్దనాన్నది అదే. ఈ రెండింటికీ తేడా గుర్తుపట్టడం అంత కష్టం కాదు.

పార్కిన్సన్స్‌లో చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది. బొటనవేలు, చూపుడువేలు జపమాల తిప్పుతున్నట్టు కదులుతుంటాయి. ఏదైనా అందుకోబోతే వణుకు తగ్గుతుంది. మామూలుగా ఒక పక్క మొదలవుతుంది. దాంతోపాటు పనులు నెమ్మదిస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి, నడకలో చెయ్యి ఊగదు, చేతిరాత చీమల బారులా చిన్నదైపోతుంది.

ఎసెన్షియల్ ట్రెమర్ దీనికి తలకిందులు. ఊరికే ఉన్నప్పుడు చెయ్యి బాగానే ఉంటుంది, పని చేయబోతేనే వణుకుతుంది. సాధారణంగా రెండు చేతులకీ వస్తుంది. కొందరికి తల, గొంతు కూడా వణుకుతాయి. రాత పెద్దగా, వంకరగా వస్తుంది. చాలా కుటుంబాల్లో తాతకీ, తండ్రికీ కూడా ఉండి ఉంటుంది. ఇంకో విచిత్రం ఏంటంటే, చాలామందిలో కొంచెం ఆల్కహాల్ తీసుకుంటే ఈ వణుకు కాసేపు తగ్గుతుంది. అంటే మా ఊళ్ళో జనం అనుకున్నదానికి పూర్తిగా రివర్స్. అలాగని దాన్ని మందుగా వాడేయకండి. దిగాక వణుకు మళ్ళీ వస్తుంది, దానికి తోడు అలవాటు మిగులుతుంది.

వీడియో చూసే కుర్రాళ్ళకి ఒక మాట. మీ చేతులే వణుకుతున్నాయా? థైరాయిడ్ ఎక్కువైనా వణుకు వస్తుంది. ఆస్తమా ఇన్‌హేలర్, ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్, లిథియం లాంటి మందుల వల్ల వస్తుంది. కాఫీ, టెన్షన్, నిద్రలేమి ఉన్న వణుకుని పెంచుతాయి. నలభై లోపు వాళ్ళలో వణుకు కనిపిస్తే విల్సన్స్ డిసీజ్ ఉందేమో కూడా చూస్తారు. అంటే ఒంట్లో రాగి పేరుకుపోవడం. అది అరుదు, కానీ తొందరగా పట్టుకుంటే మందులతో అదుపులో ఉంటుంది. అందుకే "వణుకు అంటే పార్కిన్సన్స్" అని గూగుల్ చూసి భయపడొద్దు, "ఏం కాదులే" అని వదిలేయొద్దు.

ముందు మందులు

ఆపరేషన్ ఎప్పుడూ మొదటి మెట్టు కాదు. ఎసెన్షియల్ ట్రెమర్‌కి ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్ అనే మందులు వాడతారు. చాలామందికి వణుకు పనికొచ్చేంతగా తగ్గుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రొప్రనొలాల్ ప్రమాదం, కాబట్టి పక్కింటాయన చీటీ చూసి కొనుక్కోకండి.

పార్కిన్సన్స్‌లో కథ వేరు. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. ఆ లోటు తీర్చడానికి లెవోడోపా ఇస్తారు. ఈ లెవోడోపా మన పొలం గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో సహజంగానే ఉంటుంది. అవునండీ, ఒంటికి తగిలితే దురద పుట్టించే ఆ దూలగొండే. కానీ గింజలో ఎంత మందు ఉందో కొలత తెలియదు కాబట్టి ఇంట్లో పొడి చేసుకుని మాత్ర బదులు వాడటం మంచిది కాదు.

లెవోడోపా మొదటి కొన్నేళ్ళు చాలా బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత చాలామందిలో ఒక ఇబ్బంది మొదలవుతుంది. మాత్ర వేసుకున్న గంట బాగుంటారు, ప్రభావం దిగగానే బిగుసుకుపోతారు. డోసు పెంచితే ఒళ్ళు మెలికలు తిరుగుతూ దానంతటదే కదులుతుంది. రోజంతా గడియారం, మాత్ర, గడియారం, మాత్ర. సరిగ్గా ఇక్కడే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, పొట్టిగా డీబీఎస్, చర్చలోకి వస్తుంది.

మెదడు లోపల చెక్కభజన

అసలు వణుకు ఎక్కడ పుడుతుంది? చేతి నరాల్లో కాదు. కదలికలని నడిపించే మెదడు భాగాల మధ్య ఒక సర్క్యూట్ ఉంటుంది. థాలమస్, దాని కింద శనగగింజంత ఉండే సబ్‌థాలమిక్ న్యూక్లియస్, గ్లోబస్ పాలిడస్, వెనక చిన్నమెదడు, ఇవన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి.

మామూలుగా ఈ కణాలు సంతలో జనంలాగా ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకుంటాయి. ఆ గోలలోనే పని జరిగిపోతుంది. వణుకు జబ్బుల్లో ఏమవుతుందంటే, కొన్ని కణాల గుంపు చెక్కభజన మొదలుపెడుతుంది. అందరూ ఒకే తాళం, ఒకే దెబ్బ. పార్కిన్సన్స్‌లో ఆ తాళం సెకనుకి 4 నుంచి 6 సార్లు. చెయ్యి కూడా అదే లెక్కన ఊగుతుంది.

ఆ గుంపు మధ్యలోకి వెళ్ళి సెకనుకి 130 సార్లు చప్పుడు చేసే వాడొకడు నిలబడ్డాడనుకోండి. పాత తాళం ఎవరికీ అందదు. భజన చెదిరిపోతుంది. డీబీఎస్ చేసేది దాదాపుగా ఇదే. జబ్బు పోదు, కణాలు తిరిగి పుట్టవు. ఆ తప్పుడు తాళం చెయ్యి దాకా రాకుండా అడ్డుపడుతుందంతే. కణాల స్థాయిలో ఇది ఎలా జరుగుతుందనే దానిమీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదనలున్నాయి.

1987, గ్రెనోబుల్

ఇది ఎలా దొరికిందో వినండి. ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన భాగం.

1952లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ కూపర్ అనే సర్జన్ ఒక పార్కిన్సన్స్ పేషెంట్‌కి ఆపరేషన్ చేస్తుండగా అనుకోకుండా ఒక రక్తనాళం చిరిగింది. దాన్ని కట్టేసి ఆపరేషన్ ఆపేశారు. లేచాక చూస్తే పేషెంట్ వణుకు తగ్గిపోయింది! మెదడులో చాలా లోతున ఒక చిన్న భాగం పనిచేయకపోతే వణుకు ఆగుతుందన్నమాట. ఆ కాలంలో చాలామంది సర్జన్లు ఆ భాగాల్లోకి సన్నని సూది దించి, వేడి చేసి ఒక చుక్కంత మేర కాల్చేసేవారు. వణుకు ఆగేది. కానీ కాల్చింది మళ్ళీ రాదు. రెండు పక్కలా కాలిస్తే మాట, మింగడం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ.

ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ అనే ఊళ్ళో అలీం లూయీ బెనబీద్ అనే న్యూరోసర్జన్ ఉన్నారు. ఆయన ఫిజిక్స్‌లో కూడా డాక్టరేట్ చేసినవారు. కాల్చే ముందు సూది సరైన చోటే ఉందా లేదా తెలుసుకోవడానికి చిన్న కరెంటు ఇచ్చి చూడటం అప్పటి పద్ధతి. 1987లో ఒక ఆపరేషన్‌లో ఆయన ఆ కరెంటు వేగాన్ని మార్చి మార్చి చూశారు. సెకనుకి 100 దగ్గరికి రాగానే వణుకు ఠక్కున ఆగింది. కరెంటు తీస్తే మళ్ళీ వచ్చింది. పెడితే ఆగింది.

అప్పటికే గుండెకి పేస్‌మేకర్లు ఉన్నాయి. అయితే కాల్చడం ఎందుకు, వైరు అక్కడే ఉంచి రోజూ కరెంటు ఇస్తే పోలేదా? ఈ ఒక్క ఆలోచనతో తిరిగి సరిచేయలేని ఆపరేషన్ కాస్తా స్విచ్‌తో ఆపగలిగే వైద్యం అయింది. అమెరికాలో 1997లో వణుకుకి, 2002లో పార్కిన్సన్స్ మిగతా లక్షణాలకి అనుమతి వచ్చింది. 2014లో బెనబీద్‌కి, ఈ సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పిన మాలన్ డిలాంగ్‌కి కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఆపరేషన్ రోజు ఏం జరుగుతుంది?

తలకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఒక లోహపు ఫ్రేమ్ బిగిస్తారు. ముందే తీసిన ఎమ్మారై, ఆ రోజు తీసిన సీటీ, రెండింటినీ కంప్యూటర్‌లో కలిపి, ఏ కోణంలో ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి వెళ్ళాలో లెక్క వేస్తారు. దారిలో రక్తనాళాలు తగలకుండా రూట్ మ్యాప్ గీస్తారు. పుర్రెకి రూపాయి బిళ్ళ కంటే చిన్న రంధ్రం చేసి, సుమారు 1.3 మిల్లీమీటర్ల మందం ఉన్న వైరు దించుతారు. దాని కొసన సాధారణంగా నాలుగు కరెంటు పాయింట్లు ఉంటాయి.

చాలా చోట్ల ఈ భాగం జరిగేటప్పుడు పేషెంట్ మెలకువగానే ఉంటారు! మెదడుకి నొప్పి తెలియదు. చర్మానికి మత్తిస్తే చాలు. సన్నని సూది లోపలికి వెళ్తుంటే కణాల చప్పుడు స్పీకర్‌లో వినిపిస్తుంది, రేకుల కప్పు మీద వాన పడ్డట్టు. ఆ శబ్దం మారడాన్ని బట్టి ఎక్కడున్నారో డాక్టర్లకి తెలుస్తుంది. తర్వాత కరెంటు ఇచ్చి "ఈ గ్లాసు పట్టుకోండి, ఈ చుట్ట గీయండి" అంటారు. మనం మొదట్లో గీసిన చుట్టే. అక్కడికక్కడే గీత నున్నగా మారుతుంది.

అమెరికాలో రోజర్ ఫ్రిష్ అనే వయొలిన్ కళాకారుడు మేయో క్లినిక్‌లో ఈ ఆపరేషన్ జరుగుతుండగా వయొలిన్ వాయించారు. కమాను వణుకు ఆగిందో లేదో తెలియాలంటే అదే సరైన పరీక్ష మరి. మన గుంటూరులో 2020లో ఒక పేషెంట్ బిగ్ బాస్, అవతార్ సినిమా చూస్తుండగా మెదడు ఆపరేషన్ చేశారని వార్తలు వచ్చాయి, గుర్తుందా? అది గడ్డ తీసే ఆపరేషన్, డీబీఎస్ కాదు. కానీ మెలకువగా ఉంచడం వెనక లాజిక్ ఒకటే. భయపడేవాళ్ళకి పూర్తి మత్తులో చేసే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది.

తర్వాత పూర్తి మత్తు ఇచ్చి, కాలర్ బోన్ కింద చర్మంలో అగ్గిపెట్టె లాంటి బ్యాటరీ పెట్టె అమరుస్తారు. చెవి వెనక నుంచి మెడ మీదుగా చర్మం కింద వైరు వెళ్తుంది. బయటికి ఏమీ కనిపించదు.

అసలు పని స్విచ్ ఆన్ చేశాకే

ఆపరేషన్ అవగానే సినిమాలోలాగా అంతా సెట్ అయిపోదు. కొన్ని వారాలు ఆగి డివైస్ ఆన్ చేస్తారు. ఏ పాయింట్ నుంచి, ఎంత కరెంటు, సెకనుకి ఎన్నిసార్లు, ఇదంతా పేషెంట్‌ని బట్టి సెట్ చేయాలి. దీన్ని ప్రోగ్రామింగ్ అంటారు. నెలలు పట్టొచ్చు. కరెంటు పక్కకి పొంగితే మాట ముద్దగా వస్తుంది, చెయ్యి తిమ్మిరెక్కుతుంది, నడక తూలుతుంది. తగ్గిస్తే అవి పోతాయి, కానీ వణుకు కొంచెం తిరిగొస్తుంది. ఈ రెండింటి మధ్య మీకు సరిపడే చోటు వెతకాలి. అందుకే హాస్పిటల్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని ఆపరేషన్లు చేశారు" ఒక్కటే కాదు, "తర్వాత ప్రోగ్రామింగ్ ఎవరు చేస్తారు, ఎన్నిసార్లు రావాలి" అనేది కూడా.

మా పెద్దనాన్నకి మందులు కొంతవరకే పనిచేశాయి. తర్వాత హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్ట్ ఆయన్ని ఒకే ప్రశ్న అడిగారు: "వణుకు తగ్గితే మీరు ఏం చేయాలనుకుంటున్నారు?" ఈయన "మిషన్ తొక్కాలి, టీ తాగాలి" అన్నారు. ఆ పనులకి కుడిచెయ్యి చాలు కాబట్టి మెదడు ఎడమ పక్క ఒక్కటే చేశారు. ఎడమ మెదడే కుడిచేతిని నడుపుతుంది కదా.

ఇప్పుడు టీ తాగుతారు, మిషన్ మీద కుడతారు. సన్న సూదిలో దారం మాత్రం ఇంకా మా అన్నయ్యే ఎక్కిస్తాడు. కరెంటు పెంచితే ఆ పని కూడా చేయగలరు, కానీ మాట తడబడుతుంది. "దారం నువ్వెక్కించు, మాట నాకుండనీ" అని ఆయనే సెట్టింగ్ తేల్చుకున్నారు. రాత్రి పడుకునేటప్పుడు రిమోట్‌తో ఆపేస్తారు. ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారు, బ్యాటరీ ఆదా అవుతుంది. పొద్దున ఆన్ చేయకముందు గ్లాసు పట్టుకుంటే పాత వణుకు అలాగే ఉంటుంది. జబ్బు ఎక్కడికీ పోలేదు.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి కాదు?

దీన్ని జాగ్రత్తగా వినండి, ఎందుకంటే లక్షలు పోసి నిరాశపడేది ఇక్కడే.

ఎసెన్షియల్ ట్రెమర్‌లో మందులు వాడినా తినడం, రాయడం, పని చేయడం కష్టంగా ఉంటే ఆలోచించొచ్చు. చాలామందిలో చేతి వణుకు సగం కంటే బాగా ఎక్కువే తగ్గుతుంది. కొందరిలో ఏళ్ళు గడిచేకొద్దీ ప్రభావం కొంత తగ్గుతుంది.

పార్కిన్సన్స్‌లో ఒక సులువైన సూత్రం ఉంది. లెవోడోపా వేసుకుంటే ఏ లక్షణం తగ్గుతుందో, డీబీఎస్‌కి కూడా సుమారుగా అదే తగ్గుతుంది. దీనికి మినహాయింపు వణుకు. మాత్రకి లొంగని వణుకు కూడా డీబీఎస్‌కి లొంగొచ్చు. మాత్రకి తగ్గని నడక తూలడం, మాట తగ్గిపోవడం, మతిమరుపు, వీటికి ఇది పరిష్కారం కాదు. డిమెన్షియా ఉన్నవాళ్ళకి, అదుపులో లేని డిప్రెషన్ ఉన్నవాళ్ళకి, పార్కిన్సన్స్‌లా కనిపించే వేరే జబ్బులు ఉన్నవాళ్ళకి సాధారణంగా చేయరు. అందుకే ముందు జ్ఞాపకశక్తి, మూడ్ పరీక్షలు, మాత్ర ఆపి ఒకసారి, వేసి ఒకసారి కదలికల పరీక్ష చేస్తారు. ఇవేవీ లేకుండా డేట్ ఇచ్చేస్తున్నారంటే రెండో డాక్టర్‌ని కలవండి.

రిస్కులు దాచకుండా చెప్పుకుందాం. నూటికి ఒకరిద్దరిలో మెదడులో రక్తస్రావం జరగొచ్చు. అది పక్షవాతం దాకా, అరుదుగా ప్రాణం దాకా వెళ్ళొచ్చు. ఇంకొందరిలో ఇన్ఫెక్షన్ వచ్చి డివైస్ తీసేయాల్సి రావొచ్చు. మూడ్‌లో మార్పులు రావొచ్చు, ఇంట్లోవాళ్ళు గమనిస్తుండాలి.

ఖర్చు విషయానికొస్తే, మన దగ్గర మామూలుగా వినిపించే లెక్క పది లక్షలకి అటూ ఇటూ. అందులో పెద్ద భాగం డివైస్‌దే. ఛార్జింగ్ లేని బ్యాటరీ అయితే 3 నుంచి 5 ఏళ్ళకి మార్చాలి. ఛార్జింగ్ పెట్టుకునేది 15 ఏళ్ళ దాకా వస్తుంది, కానీ రేటు ఎక్కువ, ఛార్జ్ చేయడం మర్చిపోకూడదు. హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర లాంటి ప్రభుత్వ సంస్థల్లో కూడా ఈ చికిత్స ఉంది, అక్కడ అడిగి చూడండి. ఇన్సూరెన్స్ ఉంటే డివైస్, తర్వాతి బ్యాటరీ రెండూ కవర్ అవుతాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

డివైస్ పెట్టాక ఎమ్మారై తీయాల్సి వస్తే ముందే చెప్పాలి. ఫిజియోథెరపీలో ఇచ్చే డయాథర్మీ అనే వేడి చికిత్స అస్సలు చేయించుకోకూడదు, ప్రాణాపాయం. ఎయిర్‌పోర్ట్‌లో డివైస్ కార్డు చూపించాలి.

కోతలేని దారి ఏదైనా ఉందా?

ఉంది. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్. భూతద్దంతో ఎండని ఒక చుక్క మీద పడేసి కాగితం కాల్చేవాళ్ళం కదా చిన్నప్పుడు, అలాగే శబ్ద తరంగాలని పుర్రె బయట నుంచి ఒక బిందువు మీదికి మళ్ళించి థాలమస్‌లో చిన్న మచ్చ పెడతారు. అమెరికాలో 2016లో ఎసెన్షియల్ ట్రెమర్‌కి అనుమతి వచ్చింది. రంధ్రం లేదు, బ్యాటరీ లేదు. కానీ కాల్చింది కాల్చినట్టే, తర్వాత సెట్టింగ్ మార్చుకునే వీలు లేదు. అందరి పుర్రె ఎముకా దానికి సరిపడదు.

డీబీఎస్ కూడా మారుతోంది. మెదడు సిగ్నల్‌ని వింటూ కరెంటుని దానంతట అదే పెంచి తగ్గించుకునే రకానికి 2025లో అమెరికాలో పార్కిన్సన్స్ కోసం అనుమతి ఇచ్చారు.

చివరగా ఒక్క మాట

మీ ఇంట్లో వణికే చెయ్యి ఉంటే ఈ వారం రెండు పనులు చేయండి. ఒకటి, ఆ చుట్ట గీయించి కాగితం మీద తేదీ వేసి దాచండి. రెండు, మీ ఫోన్‌లో రెండు చిన్న వీడియోలు తీయండి: చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నది ఒకటి, గ్లాసుతో నీళ్ళు తాగుతున్నది ఒకటి. న్యూరాలజిస్ట్‌కి అవి చూపిస్తే సగం కథ అక్కడే తెలిసిపోతుంది. అయితే తీసే ముందు వాళ్ళని అడిగి తీయండి. దాచుకుంటున్న చేతిని చూపించమనడం చిన్న విషయం కాదు. మా పెద్దనాన్న ఆరేళ్ళు ఆ చెయ్యి కండువా కింద పెట్టుకునే తిరిగారు.